చచ్చినవాడి కళ్లు చారెడు

మెడెల్లిన్ వెళ్తున్నారా? శుభం! అమెరికాలో ఉన్న మనవాళ్లకు లాంగ్ వీకెండ్ వస్తే ఇప్పుడు కొలంబియానే గోవా. మయామీలో విమానం ఎక్కితే మూడున్నర గంటల్లో దిగిపోవచ్చు. ఏడాది పొడవునా చల్లటి గాలి, కాఫీ తోటలు, కొండవాడల మీదుగా సాగే కేబుల్ కార్లు. కానీ మీరు వెళ్తున్నది వీటికోసం కాదని మీకూ తెలుసు, మీ గైడుకూ తెలుసు. నెట్‌ఫ్లిక్స్‌లో 'నార్కోస్' చూశారు. అందులోని కొకైన్ ముఠా నాయకుడు ఎస్కోబార్ ఇల్లు చూడాలి.

ఇల్లు లేదండీ. వాడు కాపురమున్న మొనాకో భవనాన్ని 2019 ఫిబ్రవరిలో నగరపాలకులే పేలుడు మందు పెట్టి కూల్చేశారు. వాడి కాలంలో పోయినవాళ్ల పేరిట అక్కడో స్మారకం కట్టారు. మీరు బండి దిగి అడిగే మొదటి ప్రశ్న: "ఇల్లు కరెక్ట్‌గా ఎక్కడుండేది?" ఆ తర్వాత స్మారకానికి వీపు పెట్టి, లేని ఇంటితో సెల్ఫీ!

ఇక ఇతగ్వీలో వాడి సమాధి. 1993 డిసెంబరులో పోలీసుల తూటాలకు వాడు కూలిన పెంకుల కప్పు. ఆ మీదట షాపింగ్: వాడి మీసం ఉన్న టీషర్టు, వాడి నవ్వున్న ఫ్రిజ్ మాగ్నెట్. 1989లో వాడి ముఠా అవియాంకా విమానంలో బాంబు పెడితే లోపలున్న 107 మందీ, నేల మీద మరో ముగ్గురూ పోయారు. చంపాలనుకున్న అధ్యక్ష అభ్యర్థి గవిరియా అసలు ఆ విమానం ఎక్కనేలేదు. ఆ 110 మందిలో ఒక్కరి మొహమైనా మాగ్నెట్ మీద కనబడితే చెప్పండి, నేనే కొంటాను. (వాడు సరదాకి తెచ్చుకున్న నాలుగు నీటిగుర్రాలు మాత్రం పిల్లాపాపలతో నూరు దాటి, మగ్దలేనా నదీతీరంలో హాయిగా ఉన్నాయి. వాటికీ టూరుంది.)

రేపు మెడెల్లిన్ కుర్రాడొకడు మన సినిమాలు నాలుగు చూసి కడపలో దిగాడనుకోండి. "సుమోలు గాల్లోకి లేచే చోటెక్కడ? వేటకొడవలి పట్టుకుని ఫొటో దిగాలి" అన్నాడనుకోండి. ఒళ్లు మండదూ? "మా సీమంటే అది కాదు నాయనా, కూర్చో, రాగిసంగటి తిను" అంటాం. అక్కడివాళ్లూ అదే అంటున్నారు. రాజ్మా, అన్నం, వేయించిన పంది చర్మం, గుడ్డు, అరటికాయ వేపుడు ఒకే పళ్లెంలో గుట్టగా పెట్టి తినమంటున్నారు. మీరు తింటూనే అడుగుతారు: "శవం దొరికిన ఇల్లు ఇక్కడికెంత దూరం?"

మధ్యాహ్నం కొమునా 13. కొండవాడ జనం మెట్లెక్కలేక అల్లాడుతుంటే 2011లో ఎస్కలేటర్లు వేశారు. ఇప్పుడు వాటి మీద మీరే నిలబడి, గోడల మీద రంగుల చిలకల్ని వీడియో తీస్తున్నారు. కాస్త కెమెరా తిప్పితే కొండ మీద 'లా ఎస్కొంబ్రేరా' కనిపిస్తుంది. నగరంలో కూల్చిన ఇళ్ల రాళ్లూరప్పలూ పారబోసిన చోటు. 2002 అక్టోబరులో సైన్యం హెలికాప్టర్లతో ఈ వాడ మీద పడింది. ఆ రోజుల్లో మాయమైన తమ బిడ్డలు ఆ రాళ్ల కిందే ఉన్నారని తల్లులు ఇరవై ఏళ్లకు పైగా మొత్తుకున్నారు. పిచ్చివాళ్లన్నారు. 2024 డిసెంబరులో తవ్వితే ఎముకలు బయటపడ్డాయి.

ఆ తల్లులు చెప్పిందే నిజమని కళాకారులు నగరంలో ఒక గోడ నిండా రాశారు. గ్రాఫిటీ చూపించి డబ్బు చేసుకునే ఊరు కదా, మురిసిపోతుందనుకుంటాం. నగరపాలక సిబ్బంది బకెట్లతో వచ్చి దాని మీద బూడిదరంగు పూసేశారు. చిలకల జోలికి మాత్రం పోలేదు. జనం గొడవ చేసి ఆ మాట మళ్లీ రాయించారు.

ఆ గోడ దగ్గరికి తీసుకెళ్లమని గైడును అడిగి చూడండి. ప్యాకేజీలో లేదంటాడు. టిప్పు కాస్త గట్టిగా ఇస్తే బండి ఆపుతాడేమో.