కనపడని పొగ

మా రోజుల్లో పొగ అంటే కళ్లకు కనపడేది. బాలానగర్ షెడ్లలో గ్యాస్ కటింగ్ పెడితే నల్లగా లేచేది. సాయంత్రం ముక్కు చీదితే మసి వచ్చేది. అందుకే ప్లేటును ఆరుబయటికి లాక్కెళ్లి, గాలివాటు చూసుకుని కూర్చునేవాళ్లం. జింకు పూత ఉండే జీఐ షీటు వెల్డింగ్ చేసిన రాత్రి చలిజ్వరం తగులుకునేది. జింకు పొగ చేసే పని అది. మేస్త్రీ పాలు తాగమనేవాడు. పాలు తాగినా తాగకపోయినా ఒకటి రెండు రోజులకు దానంతటదే పోయేది.

ఇప్పుడంతా ఫైబర్ లేజర్. కోత నున్నగా వస్తుంది, షాపు శుభ్రంగా కనిపిస్తుంది, ఎవరికీ భయం లేదు. కానీ లేజర్ పడ్డచోట లోహం కరగడంతో ఆగదు, ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలో చల్లారి సన్నటి రేణువులవుతుంది. చాలావాటి సైజు ఒక మైక్రాన్ లోపే. ముక్కులో ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుకి పోతాయి. స్టెయిన్‌లెస్ స్టీలైతే క్రోమియం, నికెల్ కూడా వాటితోపాటే. క్రోమియంలో హెక్సావలెంట్ రకం క్యాన్సర్ తెస్తుందని ఎప్పుడో తేలింది.

ఈమధ్య ఒక షాపుకి వెళ్లాను. బల్ల కింద సక్షన్ ఉంది, డక్టు ఉంది, ఫిల్టర్ మాత్రం పూడుకుపోయింది. కుర్రాడు దాన్ని ఊడదీసి, షెడ్డు నడిమధ్య పెట్టుకుని ఎయిర్ గన్‌తో కొట్టాడు. బూడిదరంగు దుమ్ము గుప్పున లేచి అతని కనురెప్పల మీద పేరుకుంది. మూతికి జేబురుమాలు, అంతే. పక్కనే ఇద్దరు టిఫిన్ బాక్సులు విప్పుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. మిషన్‌కి లక్షలు పోసినవాళ్లకు ఫిల్టర్ మార్చడానికి చేతులు రావా?

బోర్డులు చేసే షాపుల్లో ఇంకో ఘోరం. పీవీసీ మీద లేజర్ పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. మిషన్ తుప్పు పడుతుందని పీవీసీ మానేసిన ఓనర్లను చూశాను. కుర్రాడి గొంతు మండుతోందని మానేసినవాడు నాకు తగల్లేదు.

దుమ్ము, పొగ పుట్టినచోటికి వీలైనంత దగ్గరే లాగెయ్యాలని 1948 ఫ్యాక్టరీల చట్టం పద్నాలుగో సెక్షన్‌లోనే రాశారు. మా కాలంలో దాన్ని అమలు చేసే సామాను దొరికేది కాదు. ఇప్పుడు హెపా ఫిల్టర్లు దొరుకుతున్నాయి, ఎన్-95 మాస్కులు మందుల షాపులో ఉన్నాయి. ఓనర్లూ, నిండిన ఫిల్టర్‌ను దులపకండి, సంచిలో వేసి మూతికట్టి తీసెయ్యండి. అబ్బాయిలూ, సక్షన్ ఆన్ కాకుండా బీమ్ వెయ్యమంటే వెయ్యనని చెప్పండి.