ఫస్ట్ క్లాసు నొప్పి

ఈ మధ్య నొప్పి ఊరికే ఉంటే మర్యాద లేదు, దానికి ఇంగ్లీషు పేరుండాలి. ‘ఒళ్లంతా నొప్పులా? ఫైబ్రోమయాల్జియా కావచ్చు!’ అని ఆస్పత్రి ముందు ఫ్లెక్సీ కడుతున్నారు. చివర ఆ ఆశ్చర్యార్థకం ఎందుకో కట్టినవాళ్లకే తెలియాలి. అలాంటి ఫ్లెక్సీ ఒకటి చూసి కర్నూలులో కడప బస్సెక్కిన ముగ్గురి మాటలివి. టై కట్టిన మెడికల్ రెప్పు ఒకరు. బతుకంతా సూదులు పొడిచి రిటైరైన కాంపౌండరు ఇంకొకరు. ఒళ్లో ఎక్స్‌రే కవరు పెట్టుకున్న ఓబుళమ్మ మూడోమనిషి.

రెప్పు: ఇన్నాళ్లకు మీ నొప్పికి పేరు దొరికిందమ్మా. మీరు సంతోషించాలి.

ఓబుళమ్మ: పేరు దొరికింది సరే నాయనా, నొప్పి పోల్యా గదా!

రెప్పు: ఇది శాస్త్రం. 1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ లెక్క కట్టింది. ఒంట్లో పద్దెనిమిది చోట్ల నొక్కాలి. పదకొండు చోట్ల నొప్పంటే జబ్బున్నట్టు.

కాంపౌండరు: పది చోట్లయితే?

రెప్పు: లేనట్టు.

కాంపౌండరు: అంటే పాసు మార్కు పదకొండు. పద్దెనిమిదికి పదకొండంటే నూటికి అరవై ఒకటి. ఓబుళమ్మా, నీది ఫస్ట్ క్లాసు నొప్పి.

ఓబుళమ్మ: మా తోడికోడలికి తొమ్మిదే వచ్చినాయన్నా. నటిస్తాండావని ఇంటికి పంపిచ్చినారు.

కాంపౌండరు: సప్లిమెంటరీకి ఫీజు కట్టమను.

రెప్పు: ఇష్టమొచ్చినట్టు నొక్కడం కాదు సార్. నాలుగు కిలోల ఒత్తిడి పెట్టాలి. డాక్టరు బొటనవేలి గోరు తెల్లబడాలి.

ఓబుళమ్మ: ఇంగో నాలుగు కేజీలు ఎక్కువేసి నొక్కితే ఈ బస్సులో డ్రైవరుతో సహా అందరూ పాసైతారు.

రెప్పు: ఆ పద్ధతి పాతబడింది లెండి. 2010లో నొక్కడం తీసేశారు. ఎక్కడెక్కడ నొప్పి, నిద్ర పడుతోందా, అలసటగా ఉందా అని అడిగి మార్కులేస్తారు.

కాంపౌండరు: ప్రాక్టికల్సు ఎత్తేసి థియరీ ఉంచినారు. 2016లో మళ్లా సిలబస్ మార్చినారు, అది చెప్పవేం? అసలు 1990లో ఆ పేపరు తయారుచేసిన వాళ్లకు పెద్ద ఫ్రెడరిక్ వూల్ఫ్ అనే ఆయప్ప. ఈ పేరు పెట్టి మేలు చేసినామా, కీడు చేసినామా అని తర్వాత ఆయప్పకే అనుమానం పుట్టింది. పేపరు రాసినోడే పరీక్ష వద్దంటాంటే మధ్యలో నీ ట్యూషనేంది?

రెప్పు: జబ్బే లేకపోతే మందుకు అనుమతి ఎలా వస్తుంది సార్? 2007లో అమెరికా ప్రీగాబలిన్‌ను ఈ జబ్బుకే ఒప్పుకుంది.

కాంపౌండరు: 2009లో అదే మందు, అదే జబ్బు, యూరప్ వాళ్లు కుదరదు పొమ్మన్యారు.

ఓబుళమ్మ: వాళ్ల ఒళ్లు యేరేనా ఏందన్నా?

కాంపౌండరు: ఒళ్లు ఒకటే, లెక్క యేరే. ఉత్తుత్తి బిళ్ల మింగినోళ్లకంటే గట్టి గుణం కనపడేది ఇంచుమించు పదిమందిలో ఒకరికి. ఆ ఒకరికి మేలే, కాదనను.

ఓబుళమ్మ: ఆ ఒకరు నేను గాదు. బిళ్ల మింగితే తల తిరిగె, కాళ్లు వాచె. వాపుకు ఇంగో బిళ్ల రాసిరి. దానికి రాత్రంతా ఒంటికి లేస్తాండా. నిద్ర ల్యాకపాయె సారూ అంటే, నిద్ర లేకపోవడం ఈ జబ్బు లక్షణమేనని ఇంగో రెండు మార్కులు కలిపిరి.

రెప్పు: మందొక్కటే కాదమ్మా, వ్యాయామం కూడా చేయాలి.

కాంపౌండరు: ఈ మాట నిజమే. ఇట్లా దీర్ఘకాలపు నొప్పులకు ఈ జాతి మందులు మొదలుపెట్టొద్దు, వ్యాయామం చేయించండని 2021లో ఇంగ్లండు వాళ్లు రాసినారు.

ఓబుళమ్మ: వ్యాయామమా? సెనక్కాయ చెట్లు పీకేదాన్ని ఏమనుకుంటాండారు వాళ్లు?

(కాంపౌండరు లేచి నిలబడ్డాడు. మన దేశంలో లేచి నిలబడ్డవాడు ఉపన్యాసం ఇవ్వకుండా కూర్చోడు.)

కాంపౌండరు: నొప్పి అబద్ధమని నేననను. అంతా నీ మనసులోనే ఉండాదని చెప్పి పంపే డాక్టరుంటే, వాడు మందు అమ్మేవాడికంటే అన్యాయం. కానీ పేరు పెట్టకముందు అడగాల్సినవి ఉండాయి. 2005 ఆఖర్లో చికున్‌గున్యా వచ్చి 2006 అంతా సీమను పడగొట్టింది. జరం దిగినా కీళ్లు వదలక ఏండ్ల తరబడి కుంటినోళ్లు ఎంతమంది! ఆ జరం నీకొచ్చిందా అని ఒకరన్నా అడిగినారా? నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోతాండాయని 1937లోనే రాసిపెట్టినారు. కడప, కర్నూలు జిల్లాల్లో అట్లాంటి నీళ్లున్న పల్లెలు ఎన్ని లేవు? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాము దాటకూడదు. కాచినా పోదది. ముందు నోరు తెరిపిచ్చి పండ్ల మీద గార చూడు, నడుము వంగుతాదేమో చూడు, బోరు నీళ్లు పరీక్షకు పంపు...

రెప్పు: సార్, బస్సు మలుపు తిరుగుతోంది, కూర్చోండి.

ఓబుళమ్మ: ఇవన్నీ ఎందుకులేన్నా. మా ఊరి ఆరెంపీ ఏసే డైక్లో సూదే నయం. పొద్దున ఏపిచ్చుకుంటే మాపటికి లేచి కూచుంటా.

కాంపౌండరు: ఆ డైక్లోఫెనాక్ సూది పశువులకు ఏయకూడదని 2006లోనే నిషేధించినారు, తెలుసునా?

ఓబుళమ్మ: ఎద్దుకే కూడదంటే నాకెట్ల పొడుస్తాండారు?

కాంపౌండరు: ఎద్దు కోసరం గాదు. చచ్చిన ఎద్దును తినే రాబందు కోసరం. సూదేసిన పశువును తిని, మూత్రపిండాలు చెడిపోయి రాలిపోయినాయి. తెల్లవీపు రాబందులు మన దేశంలో నూటికి తొంభై తొమ్మిది పోయినాయి.

ఓబుళమ్మ: నన్ను రాబందులు తినవులే అనే ధైర్యంతో ఏస్తాండారన్నమాట.

కాంపౌండరు: ఇంగా ఇను. 2015లో మనుషులకేసే పెద్ద సీసాలు కూడా ఆపేసినారు. మనుషుల సీసా కొని ఎద్దులకు పొడుస్తాండారని! 2023లో పశువులకు ఎసిక్లోఫెనాక్ కూడా బందు. అది నీ బ్యాగులో ఉండాదా సారూ?

రెప్పు: మాది మనుషులది సార్.

ఓబుళమ్మ: లేపాక్షిలో జటాయువు రెక్క తెగి పడినప్పుడు ఏ ఆరెంపీ సూది పట్టుకోని రాల్యా. అందుకే రాముడు వచ్చేదాకా పానం నిలిచింది.

(రెప్పు నవ్వాడు. ఆ నవ్వు ఓబుళమ్మకు నచ్చలేదు.)

ఓబుళమ్మ: నవ్వాకు నాయనా. మొన్న మా ఎనుము కాలీడిస్తే పశువుల డాక్టరు వచ్చినాడు. ఏం మేపుతాండావు, యాడి నీళ్లు తాపుతాండావు, ఎంత దూరం తోలకపోతావు, ఎన్ని ఈతలు అని అన్నీ అడిగినాడు. కర్నూల్లో ఇంతమంది డాక్టర్లకు చూపిచ్చుకుంటి, నన్ను ఒక్కరూ ఆ మాట అడగల్యా.

కాంపౌండరు: ఎనుముకు ఏం జబ్బన్యాడు?

ఓబుళమ్మ: పేరేం చెప్పల్యా. కొన్ని దినాలు దూరం తోలాకు, నీళ్లు మార్చు అన్యాడు. తగ్గింది.

రెప్పు: పేరు లేకుండా ఎలా తగ్గుతుందమ్మా!

కండక్టరు: చాగలమర్రి! చాగలమర్రోళ్లు ముందుకు రండి!

ఓబుళమ్మ: అబ్బీ, పశువుల ఆస్పత్రి కాడ రోంత ఆపు.

కండక్టరు: ఎనుము ఏదమ్మా?

ఓబుళమ్మ: ఎనుము బాగుండాది. చూపిచ్చుకోవాల్సింది నేను.