మూగ దాగలి

గుంతకల్లులో పాత ఇనుము అంగడికి ఆ కుర్రాడు దాగలి వెతుక్కుంటూ వచ్చాడు. ఉద్యోగం బెంగుళూరులో. సెలవు రోజుల్లో కత్తులు చేయడం నేర్చుకుంటున్నాడు. లారీ కమాన్‌పట్టీ ముక్కను ఎర్రగా కాల్చి సాగగొట్టడం దాకా వచ్చింది కానీ, కింద పెట్టుకున్నది మెత్తటి ఇనుప దిమ్మె. కత్తి సాగేలోపే దిమ్మెకు సొట్టలు పడుతున్నాయి.

"ఆచారీ, ఈ పిల్లోనికి ఒక మంచి దాగలి సూపియ్యి" అని సావుకారి లోపలికి కేకేశాడు.

తుక్కు ఏరుతున్న ముసలాయన చేతులు దులుపుకుని లేచాడు.

"ఏ ఊరప్పా?"

"ఉరవకొండ దగ్గర తాతా."

"ఎవురింటోళ్లు?"

కుర్రాడు తాత పేరు చెప్పాడు. ఆచారి అతని మొహం ఒకసారి పరకాయించి చూసి, "రా" అన్నాడు.

గుంతకల్లు రైల్వే డివిజన్‌కు కేంద్రం. అంగడి ముందే పట్టా ముక్క ఉంది, మీటరుకు 52 కిలోలు తూగే రకం. "ఉక్కు గట్టిదే. పడుకోబెట్టి కొడితే మాత్రం నడుము సన్నం, దెబ్బ నిలవదు. నిలువునా పాతుకుని కొట్టల్ల. వేలంలో కొన్న రసీదు లేకుంటే ముట్టుకోవద్దు" అన్నాడు ఆచారి. రైల్వే సొత్తు అక్రమంగా దగ్గర పెట్టుకున్నవాళ్ల మీద కేసు పెట్టడానికి 1966 నుంచీ ప్రత్యేకంగా చట్టమే ఉంది. సావుకారి దగ్గర రసీదు ఉంది కానీ, అరచేయంత సాపు జాగా లేదని కుర్రాడే దాన్ని వద్దనుకున్నాడు.

పక్కనే రంగేసిన దాగలి, కొమ్ముతో సహా నిగనిగలాడుతోంది. ఆచారి జేబులోంచి బేరింగు గోళీ తీసి, జానెడు ఎత్తు నుంచి దాని మీద వదిలాడు. గోళీ రెండు వేళ్ల ఎత్తు లేచి చతికిలబడింది.

"పోత ఇనుము. ఇది దెబ్బను మింగేస్తాది. మంచి దాగలి దెబ్బను తిరిగిస్తాది. సుత్తి దానంతటది పైకి లేయల్ల. లేకుంటే సాయంత్రానికి నీ రెట్ట పడిపోతాది."

మూడోదాని ముఖం మీద ఎవరో వెల్డింగు పోసి నున్నగా రుద్దారు. గోళీ ఒకచోట ఎగిరింది, బెత్తెడు అవతల చచ్చిపడింది. "అంచులు పగిలినాయని మాట్లు ఏసినారు. ఆ ఏడికి పదును పోయింది. అంచులు పగిలితే పగలనీప్పా, కత్తికి అంచులతో ఏం పని? నడుమ పల్లం పడకూడదు. పల్లం పడిందాని మీద ఎంతసేపు సరిచేసినా కత్తి వంకరే."

నాలుగోది కొమ్ము లేని చదరపు దిమ్మె. మూలలు అరిగాయి, ఒంటి నిండా తుప్పు. ఆచారి దాని ముఖం మీద ఉక్కు స్కేలు నిలబెట్టి, కింద వెలుతురు సందు లేదని చూపించాడు. ఆకురాయి పెట్టి తోస్తే కొరక్కుండా జారిపోయింది. గోళీ వదిలితే ముప్పాతిక ఎత్తుకు లేచింది. తూకం 45 కిలోలు. "కిలో సుత్తికి ఇది సాలు. కొనేటప్పుడు రంగును నమ్మద్దు, అమ్మేవాని మాటను నమ్మద్దు. గోళీని నమ్ము. గోళీ అబద్ధమాడదు."

మూలన ఇసుకలో సగం కూరుకుపోయి ఇంకొకటుంది, అన్నిటికంటే పెద్దది. "అదెట్లుంటుంది తాతా?"

ఆచారి సుత్తితో దాన్ని తట్టాడు. దబ్‌మంది. "అది సచ్చిన దాగలి. లోపల పగులుంది" అని గోళీ కుర్రాడి చేతిలో పెట్టేశాడు.

"మీకు కొలిమి ఉండేదా?"

"పన్నెండూళ్లకు ఒకటే కొలిమి, మాది."

ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే పడినట్టు. అలాంటి అనంతపురం సీమలో కమ్మరి కూలి రొక్కంగా ఉండేది కాదు. గొర్రు, గుంటక, కొడవలి, పార ఏడాది పొడుగునా సరిచేసి పెడితే, పంట కళ్లానికి వచ్చాక రైతు మేర కొలిచేవాడు. శెనక్కాయ పండితే కొలిమికీ తిండి. ఎండితే రైతుతో పాటు కమ్మరీ పస్తే. చినుకు లేని ఏడు 'వచ్చే ఏడు కలిపి ఇస్తాం' అనేవాళ్లు. ఆ మాట నమ్మి కమ్మరి బొగ్గులు అప్పు తెచ్చి మరీ గొర్రు ములుకులు సాగగొట్టేవాడు. ఆ తర్వాత ట్రాక్టర్లు దిగాయి. కొలిమికి రావాల్సిన పనే లేకపోయాక, పాత మేర సంగతి ఎత్తేవాళ్లూ లేకపోయారు. ఈ సీమ కరువు లెక్కల్లో ఎండిన ఎకరాలు రాస్తారు. ఆరిన కొలుములూ రాయాలి.

దాగలి కింద వేసుకోవడానికి తుమ్మ మొద్దు తెస్తానని ఆచారి పెరట్లోకి వెళ్లాడు. కుర్రాడి చేతిలో గోళీ ఉంది. ఊరికే ఉండలేక 'సచ్చిన దాగలి' మీద వదిలాడు. అది ఎక్కడినుంచి పడిందో దాదాపు అక్కడికే లేచింది.

కుర్రాడు వంగి ఇసుక తోశాడు. దాగలి నడుముకు ఇనుప గొలుసు బిగించి చుట్టి ఉంది. గొలుసు విప్పి సుత్తితో తట్టాడు. అంగడంతా గంటలా మోగింది.

సావుకారి గబగబా వచ్చాడు. "దాన్ని ముట్టుకోవద్దప్పా. అది ఆయనదే. కరువేడు నాకు తూకానికి ఏసినాడు. దుడ్లు చేరినాక తీసుకపోతానన్నాడు. అప్పటిసంది ఎవరొచ్చినా దాన్ని సచ్చిందనే చెప్తాడు. నేనూ నోరు మూసుకోనుంటా."

"ఎప్పటికి తీసుకెళ్తాడు?"

"పన్నెండూళ్ల మేర వసూలైతే."

ఆచారి మొద్దు భుజాన వేసుకుని వచ్చాడు. విప్పి ఉన్న గొలుసును చూశాడు, కుర్రాడిని చూశాడు. ఏమీ అనలేదు. కుర్రాడు గొంతు పెగల్చుకుని, ఐదు వందల నోటు రెండు చేతులా పట్టుకుని ముందుకు చాచాడు.

"తప్పుగా అనుకోవద్దు తాతా. మీరు నేర్పిన దానికి నా తృప్తి కోసం."

ఆచారి నోటు తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మీ తాత లెక్కలో జమ కట్టుకుంటా అప్పా. మీ ఇంటి మేర ఆరేండ్లది నిలబడుండాది."