పోలవరం జోస్యం

ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల ఫలితాన్ని ముందే చెప్పగలమనే శాస్త్రాలలో అతి చౌకైనది 'సెంటిమెంటు నియోజకవర్గ' సిద్ధాంతం. ఫలానా స్థానంలో ఏ పార్టీ గెలిస్తే రాష్ట్రంలో అధికారం ఆ పార్టీదేనన్న నమ్మకం దాని సారాంశం కాగా, ఎన్నికల షెడ్యూలు వెలువడింది మొదలు జిల్లా అనుబంధాలూ టీవీ చర్చలూ దానిని భక్తిశ్రద్ధలతో పారాయణం చేస్తాయి. ఉంగుటూరు, శింగనమల వంటి పేర్లు కూడా ఆ జాబితాలో వినిపిస్తున్నా, గోదావరి కుడిగట్టున ఉన్న పోలవరానికి, అంటే షెడ్యూల్డ్ తెగలకు రిజర్వు చేసిన ఆ గ్రామీణ స్థానానికి, అందులో ప్రత్యేక పీఠం ఉంది.

ఆ పీఠానికి చూపించే ఆధారం ఆకర్షణీయమైనదే. 2004, 2009 ఎన్నికలలో పోలవరంలోనూ రాష్ట్రంలోనూ కాంగ్రెస్, 2014లో రెండుచోట్లా తెలుగుదేశం, 2019లో రెండుచోట్లా వైఎస్సార్ కాంగ్రెస్ గెలిచాయి. 2024లో మాత్రం పోలవరంలో జనసేన గెలవగా ముఖ్యమంత్రి పదవి తెలుగుదేశానికి దక్కడంతో, సిద్ధాంతకర్తలు ఏ తడబాటూ లేకుండా 'పార్టీ' అన్న చోట 'కూటమి' అని దిద్దుకున్నారు. ఫలితం వచ్చాక సూత్రాన్ని సవరించుకునే సౌకర్యం ఉన్న ఇలాంటి శాస్త్రాన్ని ఓడించడం బ్రహ్మతరం కూడా కాదు.

2012 నాటి ఉపఎన్నికను ఈ శాస్త్రం తలచుకోవడానికే ఇష్టపడదు. కాంగ్రెస్ తరఫున రెండుసార్లు గెలిచిన తెల్లం బాలరాజు వైఎస్సార్ కాంగ్రెస్‌లోకి మారి ఆ ఏడాది మళ్లీ గెలిచినప్పుడు రాష్ట్రంలో ఏలుతున్నది కాంగ్రెస్. రెండేళ్ల తర్వాత అధికారం చేపట్టినది తెలుగుదేశం. అప్పుడున్న ప్రభుత్వమూ, తర్వాత రాబోయే ప్రభుత్వమూ రెండూ కాని పక్షానికి పోలవరం ఓటు వేసినందున, ఉపఎన్నికలు లెక్కలోకి రావన్న ఉపనిబంధన అవసరమైంది.

అయితే సిద్ధాంతానికి అసలు ముప్పు ఉపఎన్నికల నుంచి కాక కూడికలు, తీసివేతల నుంచి వస్తుంది. రాష్ట్ర విభజన తర్వాత మిగిలిన 175 స్థానాలలో 2014లో తెలుగుదేశం–బీజేపీ కూటమికి 106, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 151, 2024లో ఎన్డీఏ కూటమికి 164 దక్కాయి. అంటే విజేతను కాదన్న స్థానాలు వరుసగా 69, 24, 11. ఈ మూడు జాబితాలలో ఒక్క పేరు కూడా రెండోసారి రాలేదనుకున్నా మొత్తం 104కు మించదు కనుక, మిగిలిన 71 నియోజకవర్గాలైనా మూడుసార్లూ విజేత వెంటే నడిచి తీరాలి. పేర్లు పునరుక్తమైన కొద్దీ ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. ఒక్క పోలవరానికి దివ్యదృష్టి ఉందని ఒప్పుకుంటే కనీసం మరో 70 స్థానాలకు కూడా జ్యోతిష్కుల హోదా ఇవ్వవలసి వస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే ఒకదానికి మరొకటి కారణమనుకోకూడదని చెప్పే కాకతాళీయ న్యాయం తెలిసిన భాషలోనే, తాటితోపు మొత్తం రాలిన రోజున ఒక్క కాకిని పట్టుకుని పూజించడం వింతే.

పైగా ఈ జ్యోతిష్కుడి శరీరం కూడా ఎప్పుడూ ఒకటి కాదు. 2008 నాటి పునర్విభజన ఉత్తర్వులు 2009 ఎన్నికల నుంచి అమలైనప్పుడు పోలవరం, బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, టి.నర్సాపురం, కొయ్యలగూడెం మండలాలు ఈ స్థానంలో ఉన్నాయి. కాలువ నీరు అందని మెట్ట పొలాలూ, రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గిరిజనుల భూమికి రక్షణ ఉండే ఏజెన్సీ ఊళ్లూ ఒకే పెట్టెలో ఓటు వేస్తాయి. రాష్ట్ర విభజన తర్వాత, పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా తెలంగాణ నుంచి బదిలీ అయిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు కూడా ఇందులో చేరాయి. 2014 ఎన్నికలలో అక్కడివారు ఓటు వేసినది అశ్వారావుపేట స్థానంలో. అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ గెలవగా తెలంగాణలో అధికారం టీఆర్ఎస్‌కు దక్కింది. అంటే, గోదావరి పక్కన అదే ఊళ్లో, అదే ఇంట్లో ఉన్న ఓటరు 2014లో జోస్యం తప్పిన స్థానంలో ఉండి, 2019 నాటికి త్రికాలవేదుల జాబితాలోకి ఎక్కాడు. దివ్యదృష్టి గెజిట్ నోటిఫికేషను ద్వారా బదిలీ అవుతుందని పురాణాలు ఎక్కడా చెప్పలేదు.

ఇంత చౌకైన కథను ఎన్నిసార్లు చెప్పినా నష్టం లేదనిపించవచ్చు గానీ, ఆ కథ చెప్పే సమయంలో చెప్పకుండా పోయే సంగతులే ఆ నియోజకవర్గపు అసలు రాజకీయం. ఏజెన్సీలో గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1/70 చట్టం, అంటే 1970 నాటి మొదటి నిబంధన, అమలు చుట్టూ ఇక్కడ దశాబ్దాలుగా వివాదాలు నడుస్తున్నాయి. పోలవరం ప్రాజెక్టుకు 1981లో శంకుస్థాపన జరిగింది, 2014లో జాతీయ హోదా వచ్చింది. పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు కాగా, తొలిదశను 41.15 మీటర్లకు పరిమితం చేసినందున, ఆ రెండు గీతల మధ్య ఉన్న ఊళ్లు పునరావాసానికి రెండో వరుసలో నిలిచాయి. 2022 జులై వరదకు ఈ వరుసల తేడా తెలియక అన్నింటినీ కలిపి ముంచింది. 'ఈసారి పోలవరం ఎటువైపు' అని అడిగే విశ్లేషణలో ఈ కొలతలకు చోటుండదు. కులాల శాతాలకూ, సెంటిమెంటు పట్టికకూ మాత్రం పుష్కలంగా ఉంటుంది.

వాదన కోసం సిద్ధాంతాన్ని నిజమనే ఒప్పుకుంటే మరో చిక్కు వస్తుంది. ఒక ప్రాంతానికి పనులు జరగకపోతే అక్కడి శాసనసభ్యుడు ప్రతిపక్షంలో ఉన్నాడన్నది మన పాలకులకు అన్నిటికన్నా నమ్మకమైన సాకు. పోలవరం ఓటరు ఎప్పుడూ అధికారపక్షాన్నే గెలిపించాడని ఇన్ని పార్టీలు ఇంత గర్వంగా చెప్పుకుంటున్నప్పుడు, ఆ సాకు చెప్పుకునే అర్హత వాటిలో ఒక్కదానికి కూడా మిగలదు.