శుక్రవారపు పెట్రోలు పద్దునకు టీకా తాత్పర్యము

మూలము: శుక్రవారము. అబూ హమూర్. పెట్రోలు 80 రియాళ్ళు. పని మీద. బిల్లు నల్లబడినది.

అవతారిక: ఖతర్ దేశమున ఏసీలు బాగుచేయు చిన్న సంస్థను నడపుకొనుచున్న తెలుగువాడొకడు, సంవత్సరాంతమున లెక్క తేల్చుకొను వేళ వాహనపు ఖర్చు క్రింద చూపదలచి తన చిట్టాలో వ్రాసికొన్న పద్దు ఇది. అచ్చట జీతముపై పన్ను లేదు గనుక మనవారిలో పెక్కుమంది ఈ శాస్త్రమును తెరచి చూడకయే సుఖముగా నున్నారు; వ్యాపారమున దిగిన పరదేశికి మాత్రము 2018 నాటి 24వ చట్టము చొప్పున లాభములోని తన వాటా మీద నూటికి 10 వంతున చెల్లింపవలసి యుండుటచే, ప్రతి లీటరును పద్దునకెక్కించు శ్రద్ధ తానే పుట్టుకొనివచ్చును.

ప్రతిపదార్థము: శుక్రవారము = వారాంతపు సెలవు దినమున; అబూ హమూర్ = దోహా దక్షిణ భాగముననున్న ఆ పేరి పేటకు; పెట్రోలు 80 రియాళ్ళు = లీటరు ఇంచుమించు రెండు రియాళ్ళ వంతున నలువది లీటర్లు, అనగా మామూలు కారునకు దాదాపు నిండు ట్యాంకు; పని మీద = వ్యాపార నిమిత్తమై (అని మూలకర్త అభిప్రాయము).

శంక: సెలవునాడు పని యేమి? అబూ హమూర్ అనగానే ఖతర్ తెలుగువారికి, అందును క్రైస్తవులకు, మొదట స్ఫురించునది ప్రార్థనాలయ సముదాయము. 2008లో అచ్చట తొలి చర్చి వెలసినది మొదలు, ఆదివారము పనిదినమగుటచే శుక్రవారమే ముఖ్యారాధన దినమై, ఆ దారి యంతయు కార్లతో నిండును. ఆరాధన ముగిసిన కుటుంబము దార్ అల్ సలామ్ మాల్‌లో సరకులు కొనక తిన్నగా ఇల్లు చేరునని నమ్ముటకు టీకాకారునకు ధైర్యము చాలదు.

సమాధానము: మూలకర్త పక్షమునను బలము లేకపోలేదు. ఆరాధనానంతరము సమీపపు విల్లాలో ఏసీ నీరు కారుచున్నదని ఫోను రాగా, భార్యాబిడ్డలను మాల్‌లో దింపి తాను పోయి ఆ పని చక్కబెట్టి వచ్చితినని అతని వాదము. కారు డిక్కీలో గ్యాసు సిలిండరు, గేజీలు, రాగిగొట్టపు చుట్ట, వాని మీద పిల్లవాని సండే స్కూలు పుస్తకము (చదువు శుక్రవారమే యైనను పేరు మారలేదు) కలసి పడియుండుటను చూచినవాడు ఈ వాదమును వట్టి బొంకని త్రోసివేయజాలడు.

ఇచ్చట మన దేశపు శాస్త్రము కొంత తోడ్పడును. 2026 మార్చి దాకా అమలైన 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 37వ సెక్షను, ఖర్చు సంపూర్ణముగను కేవలముగను వ్యాపారమునకే అయినదిగా నుండవలెనని బిగించి చెప్పినను, 38వ సెక్షను కొంత దయదలచి, పనికిని ఇంటికిని ఒకే కారును వాడువానికి న్యాయమైన భాగమును ఒప్పుకొనినది. ఖతర్ చట్టమునందును సొంత ఖర్చునకు తావులేదు; ఆదాయమార్జించుటకు ఆవశ్యకమై, నిజముగా అయి, పత్రముల ఆధారము గలిగి, ఆ సంవత్సరమునకు చెందినదే చెల్లును. కనుక కిలోమీటర్ల పుస్తకమొకటి పెట్టి, చర్చి దాకా పోయినది ఇంటికిని, అచ్చట నుండి విల్లాకు పోయి వచ్చినది వ్యాపారమునకును వ్రాయుట యుక్తమని నా మతము. ఆ దారిలో వేగము హెచ్చి పడిన జరిమానాను కూడ వాహనపు ఖర్చే యనుకొనువారు కలరు. దానికి రెండు దేశములందును చోటు లేదు.

తాత్పర్యము: సగము ట్యాంకు పనికే యని మిక్కిలి ఉదారముగా ఒప్పుకొన్నను నలువది రియాళ్ళు, దానిపై మిగులు పన్ను నాలుగు రియాళ్ళు. కరక్ చాయ్ త్రాగుచు ఇంతసేపు వాదించినచో ఆ నాలుగును చాయ్ ఖాతాకే పోవును.

బిల్లు నల్లబడినది: పెట్రోలు బంకులో ఇచ్చు బిల్లు వేడి తగిలిన రంగు మారెడు కాగితము; అక్షరములు దానిపై పడుటయు వేడి చేతనే. జూలై ఎండలో, మూసిన కారున, డాష్‌బోర్డు మీద మరచిన ఆ కాగితము మధ్యాహ్నమునకే తేదీ, మొత్తము, బంకు పేరు అను భేదము లేక యంతయు ఒక్క నలుపైపోవును. పత్రాధారము లేని ఖర్చు చట్టమునకు కానరాదు గనుక, పై మీమాంసలో మూలకర్త గెలిచినను ఓడినను 80 రియాళ్ళును అతని సొంత ఖాతాకే వ్రాయవలెను.