గుడిలోంచి మధ్యలో లేచి వచ్చేయండి

ఆదివారం ఆరాధనలో కానుకల పాట మొదలై, సంచి మీ వరస దగ్గరికి వస్తుంటుంది. సరిగ్గా అప్పుడే మీతో మాటలు మానేసిన తమ్ముడో తోడికోడలో మనసులో మెదిలితే, నోటు మళ్లీ జేబులో పెట్టుకుని లేచి బయటికి నడవండి. పక్కవాళ్లు చూస్తారు. పాస్టరుగారూ చూస్తారు. చూడనివ్వండి.

ఇది నేను పుట్టించిన సలహా కాదు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో, కొండమీది ప్రసంగంలో యేసు చెప్పినదే. అర్పణను బలిపీఠం ముందే వదిలి, వెళ్లి సహోదరుడితో సమాధానపడి, ఆ తర్వాత వచ్చి అర్పించమన్నాడు. ఆ మాట వింటున్నవాళ్లలో ఎక్కువమంది గలిలయ పల్లెల జనం. బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్యలో మూడు నాలుగు రోజుల కాలినడక. ఇంటికెళ్లి మాట కలుపుకుని మళ్లీ అంత దూరమూ నడిచి రమ్మన్నాడన్నమాట. లోకం తెలిసినవాళ్లెవరూ ఇలాంటి సలహా ఇవ్వరు. ఇంకో సంగతి కూడా గమనించండి. మనకు అతని మీద కోపం ఉంటే అనలేదు, అతనికి మన మీద ఏదైనా ఉంటే అన్నాడు. బాకీ మనదైనప్పుడు లేవాల్సింది మనమే.

ఈ పని నేనొకసారి చేశాను కాబట్టి చెబుతున్నాను. మా పెదనాన్న కొడుకు పొలమూ నాదీ పక్కపక్కనే. ఏటా దుక్కి రోజుల్లో నా వైపు నుంచి గట్టును నాలుగు వేళ్ల మందం చెక్కడం నాకు అలవాటైపోయింది. గట్టు పలచబడిందని అన్నయ్య తన చేలోంచి మట్టి ఎత్తి తన వైపు వేసుకునేవాడు. అలా తొమ్మిదేళ్లలో గట్టు రెండడుగులు ఆయన పొలంలోకి జరిగింది. ఆయన అడిగాడు, నేను కాదని బుకాయించాను, మాటలు పోయాయి. ఆ ఏళ్లన్నిటా గుడిలో నా దశమభాగం ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రెండడుగుల్లో పండిన ధాన్యంలోంచి కూడా ఇచ్చాను.

ఒక ఆదివారం లేచి వెళ్లేసరికి ఆయన గొడ్లకు గడ్డి వేస్తున్నాడు. "అప్పుడే గుడి వదిలేశారా?" అన్నాడు నా వైపు చూడకుండా. "లేదన్నయ్యా, గట్టు సంగతి మాట్లాడదామని మధ్యలో వచ్చేశాను" అన్నాను. "ఇన్నేళ్లకు గుర్తొచ్చిందట్రా" అన్నాడు. అంతే. మర్నాడు సర్వే రాళ్ల మధ్య తాడు లాగి గట్టు వెనక్కి వేశాం, కూలి నేనిచ్చాను. ఇప్పటికీ మా మధ్య మాటలు పొదుపుగానే నడుస్తాయి. పెళ్లికి పిలిస్తే వస్తాడు, భోంచేసి వెళ్తాడు. ఆ తాడు పట్టుకుని నిలబడినప్పుడు మాత్రం నాకొకటి తెలిసివచ్చింది. దేవుడు నన్ను ప్రేమిస్తున్నాడని ఎన్నో కూడికల్లో చెప్పాను గానీ, రెండడుగుల నేల లేకపోయినా ఆయన నన్ను పస్తు పెట్టడని ఏనాడూ నమ్మలేదు. నమ్మి ఉంటే గట్టు చెక్కేవాణ్ణే కాదు. మనలో విధేయత తగ్గిపోయిందని బోధకులు బాధపడుతుంటారు. నేను చూసినంతలో ముందు తగ్గేది నమ్మకం. మనకు చాలదేమోనన్న భయంతోనే గట్టు చెక్కుతాం, తూకం తగ్గిస్తాం, కొడుకు పెళ్లిలో కట్నం అడుగుతాం. అందుకే ఇక్కడ నేను చెప్పే పనులన్నీ ఆ భయానికి ఎదురు వెళ్లేవే. తెలివైనవాళ్లు వద్దంటారు.

అడిగింది రాని వారంలోనే కృతజ్ఞతా కానుక ఇవ్వండి. అబ్బాయికి ఉద్యోగం వస్తే, అమ్మాయికి వీసా వస్తే, ఇల్లు పూర్తయితే ఇస్తాం. సెక్రటరీగారు పేరు చదువుతారు, అందరూ స్తోత్రం అంటారు. వీసా రాని వారం ఆ కుటుంబం గుడికే రాదు. మొక్కుకున్న ఉపవాసాలు, వస్తే చెబుతామన్న సాక్ష్యం, అన్నీ ఆగిపోతాయి. దేవుడి ప్రేమకు ఒక ధర కట్టి, సరుకు అందాక డబ్బిస్తామని ఒప్పందం చేసుకున్నట్టు మన నడక. హబక్కూకు తన గ్రంథం చివర రాసుకున్నది వేరే లెక్క. అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్షలు కాయకపోయినా, కొట్టంలో పశువు లేకపోయినా ఆయన దేవుడిలో ఆనందిస్తానన్నాడు. మా సంఘంలో ఒకావిడ కూతురి సంబంధం తప్పిపోయిన వారం వంద రూపాయలు కవరులో పెట్టి, కారణం రాసే చోటు ఖాళీగా వదిలింది. ఏమని చదవమంటారని సెక్రటరీగారు అడిగితే, "దేవుడు మారలేదు కదండీ, అదే చదవండి" అంది. ఆయన చదివాడు. ఆ రోజు స్తోత్రం అనడానికి జనానికి కాస్త ఆలస్యమైంది.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డును గోడకు తగిలించకండి. ముందు ఇంటికి తెచ్చి, బైబిలు తెరిచి, ఆ వచనానికి పైనున్నవీ కిందున్నవీ చదవండి. మన క్యాలెండర్ల మీద ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం. దేవుడు మనకోసం ఉద్దేశించినవి మేలైన తలంపులేనని, మనకు ముందుకాలం ఉందని దాని భావం. దాని ముందు వచనంలోనే 70 ఏళ్లు అని ఉంది. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు చెరపట్టి తీసుకుపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అందరూ తిరిగొచ్చేస్తారని చెప్పాడు. వినడానికి ఎంత బాగుంటుందో ఆలోచించండి. యిర్మీయా మాత్రం అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు వేయండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండని రాశాడు. ఉత్తరం అందిన పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడకుండానే అక్కడ చనిపోయి ఉంటారు. మేలైన తలంపులన్న మాట వాళ్లకు కూడా రాసినదే.

కాబట్టి అద్దె ఇంట్లో కరివేపాకు మొక్క నాటండి. ఆకు కోసే నాటికి మీరు ఆ ఇంట్లో ఉండకపోవచ్చు, ఫరవాలేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లిన తల్లులు శుక్రవారం సెలవు దొరికితే తెలుగు ఆరాధనకు చేరుతారు. బబులోను శిథిలాలున్న ఇరాకు అక్కడికి పొరుగు దేశమే. ఆ ఉత్తరం వాళ్లు చదివినంత దగ్గరగా మనం చదవలేం.

వంట బియ్యం ఇంట్లోకి కొలిచే ముందే ప్రభువుకు పిడికెడు తీయండి. మిజోరంలో స్త్రీలు 1910 నుంచి వంట బియ్యంలోంచి పూటకో పిడికెడు తీసి చర్చికి ఇస్తున్నారు, దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. ఆ పిడికిళ్లతోనే అక్కడి సంఘాల పరిచర్యలో పెద్ద భాగం నడిచింది. డబ్బా నిండుగా ఉన్న వారం కన్నా అడుగంటిన వారమే ఆ పిడికెడు మనకు పాఠం చెబుతుంది. ఇక్కడ బోధకులకు ఒక మాట. సారెపతు విధవరాలు చివరి పిండితో ముందు ఏలీయాకు రొట్టె చేసి పెట్టిన కథ చెప్పి పేదల దగ్గర వసూలు చేసేవారు, ఆ కథ చివరిదాకా చదవాలి. ఏలీయా ఆ తర్వాత ఆ ఇంట్లోనే ఉన్నాడు, ఆ తొట్టిలో పిండే తిన్నాడు. అడిగినవాడు ఆ ఆకలిలో పాలు పంచుకున్నాడు. కారులో వచ్చి కవరు తీసుకుని వెళ్లిపోయేవారికి ఆ కథ చెప్పే అర్హత లేదు.

మీ దగ్గర సాయం పొందినవాళ్లను గుడికి పిలవకండి. కనీసం ఆ సాయం అందుతున్నన్నాళ్లూ పిలవకండి. సువార్త భారం ఉన్నవాళ్లకు ఇది పాపంలా వినిపిస్తుందని నాకు తెలుసు. ఒంగోలులో ఇది జరిగింది గనుక ధైర్యంగా చెబుతున్నాను. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను ఫలితం లేదని 1853లో మూతపడబోయింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, కొద్దిమంది విశ్వాసులు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఆ ప్రార్థనలో పంపమని అడిగిన మనిషి, జాన్ ఎవరెట్ క్లౌ, 1866లో గానీ ఒంగోలులో అడుగు పెట్టలేదు. పన్నెండేళ్లు.

క్లౌ వచ్చిన కొత్తలోనే పరీక్ష ఎదురైంది. పై కులాలవాళ్లు మతం సంగతి వినడానికి వస్తున్నారు. అదే సమయంలో మాదిగ పల్లెల్లో, యెర్రగుంట్ల పేరయ్య సాక్ష్యం వల్ల, పెద్ద కదలిక మొదలైంది. వాళ్లను చేర్చుకుంటే మేం రామని పైవాళ్లు తేల్చి చెప్పారు. లెక్కలు తెలిసిన మిషనరీ ఎవరైనా ముందు పలుకుబడి ఉన్నవాళ్లను చేర్చుకుని, మిగతావాళ్ల సంగతి తర్వాత చూసుకునేవాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం క్లౌ దంపతులకు వేరే దారి చూపింది. లోకం నీచమన్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని అందులో ఉంది. మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాలవాళ్లు అన్నట్టే వెళ్లిపోయారు. ఆ సంఘాల మనవలూ మునిమనవలూ ఇవాళ సంబంధాల బయోడేటాలో క్రిస్టియన్ పక్కనే కులం రాయడం చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ ఒక్క గడి కొట్టేయండి. సంబంధాలు తగ్గుతాయి. తగ్గనివ్వండి.

తర్వాత 1876–78 నాటి ధాత కరువు వచ్చింది. క్లౌకు సర్వే పని వచ్చు. బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి, సాయంత్రాలు వాక్యం చెప్పారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వనన్నాడు. అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని సంవత్సరానికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. లెక్కలు అడిగే మిషను బోర్డు సముద్రానికి ఆవల ఉంది, జనం వాకిట్లో నిలబడి ఉన్నారు, ఆయన తలుపు మూసి కూర్చున్నాడు. కరువు తగ్గి, ఇక సాయం ఏమీ ఉండదని తెగేసి చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలసిపోతే మారుతూ ఇచ్చారు. ఆ అంకెను మన సంఘ చరిత్రల్లో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం అంతకుముందు మూసి ఉంచిన ఆ నెలలే గొప్పగా అనిపిస్తాయి. దేవుడి ప్రేమ జనాన్ని లాగడానికి బియ్యం ఎర అక్కర్లేదని నమ్మితే గానీ అలా ఆగడం ఎవరికీ సాధ్యం కాదు. మీరు బస్తా బియ్యం ఇచ్చిన ఇంటికి వెళ్తే కూర్చుని టీ తాగి రండి. కరపత్రం సంచిలోనే ఉండనివ్వండి. వాళ్లే అడిగితే చెప్పండి, దాపరికం అక్కర్లేదు.

ఒక హెచ్చరిక. ఈ సలహాలన్నీ ఎవరికి వారు తీసుకోవలసినవి. ఎదుటివాళ్ల భుజాన వేసేవి కావు. భర్త చేతిలో దెబ్బలు తిని వచ్చిన చెల్లెలికి లోబడి ఉండమ్మా, ప్రభువు చూసుకుంటాడని చెప్పి పంపే పెద్దలను చూశాను. దేవుడి ప్రేమకు లోబడడమంటే కొట్టే చేతికి లోబడడం అని ఏ వాక్యమూ చెప్పదు. ఆమెను ఆ రాత్రికి మీ ఇంట్లో పడుకోబెట్టండి, మర్నాడు ఫిర్యాదుకు తోడు వెళ్లండి. జబ్బుపడినవాడికి విశ్వాసముంటే మాత్ర ఎందుకని అనకండి. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, ఆయన వెంట నడిచిన లూకా వైద్యుడు. 1883లో గుంటూరు వచ్చి జీవితమంతా అక్కడి స్త్రీలకు వైద్యం చేసిన డాక్టర్ అన్నా కుగ్లర్ విశ్వాసం మన కన్నా తక్కువదని ఎవరంటారు?

చివరిది, నిశ్చయం కలిగేదాకా ఆగకండి. నమ్మి లోబడడం గురించి జాన్ సామిస్ రాయగా డేనియల్ టౌనర్ స్వరపరచిన ఇంగ్లీషు కీర్తన చాలామందికి తెలుసు. దాని పుట్టుక ఒక సాక్ష్యంలో ఉంది. సువార్తికుడు మూడీ సభల్లో ఒక కుర్రవాడు లేచి, తనకు అన్నీ రూఢిగా తెలియవని ఒప్పుకుని, అయినా నమ్ముతాను, లోబడతాను అన్నాడట. ఆ సభలో పాటలు నడిపిస్తున్న టౌనర్ ఆ మాట పట్టుకున్నాడు. ఇశ్రాయేలీయులు యొర్దాను దాటినప్పుడూ అంతే. నది నిండుగా పారుతున్న కోతకాలంలో యాజకుల పాదాలు తడిశాకే నీళ్లు ఆగాయి, ముందు ఆగలేదు. నేను అన్నయ్య ఇంటికి నడుస్తున్నప్పుడు దారి పొడవునా నా గుండె దడదడలాడింది. శాంతి ఏమీ కలగలేదు.

ఈ ఆదివారం గుడికి వెళ్తే తలుపు దగ్గరి వరసలో కూర్చోండి. చెప్పులు కుప్ప మధ్యలో కాకుండా, వెతుక్కునే పని లేకుండా, ఒక పక్కగా విడవండి.