పిప్పి పారేస్తే పాపం

జ్యూసర్ కొన్న ప్రతి ఇంట్లోనూ వారం తిరక్కుండానే ఒక ధర్మసందేహం పుడుతుంది. కిలో క్యారెట్ వేస్తే అటూ ఇటుగా అర లీటరు రసం వచ్చింది. సరే, తాగేశారు. వెనక గిన్నెలో పిప్పి కుప్పగా మిగిలింది. దాన్ని చెత్తబుట్టలో వేయడానికి చెయ్యి రాదు. రాకూడదు కూడా. బండివాడికి ఇచ్చిన డబ్బుల్లో సగం ఆ గిన్నెలోనే ఉంది మరి. ఆ సగాన్ని ఎలా రాబట్టుకోవాలో చెప్పడానికే ఈ చిట్కాలు. ఖర్చుకు వెనకాడొద్దు. ఎంతైనా పెట్టి ఈ పిప్పిని కాపాడుకుందాం.

ముందు నిల్వ సంగతి. ఐస్‌క్రీమ్ తిన్న ఖాళీ డబ్బాలు మన ఇళ్లలో ఎటూ పారేయరు కాబట్టి వాటిలో నింపండి. పైన తేదీ రాయకండి, రాస్తే ఇంట్లోవాళ్లు చదువుతారు. నలిగిన కూరగాయ నిండు కాయకంటే చాలా త్వరగా పాడవుతుందని తెలిసినవాళ్లు పిప్పిని ఆ రోజే వాడేస్తారు, కుదరకపోతే ఫ్రీజర్లో గడ్డ కట్టిస్తారు. మనకంత తొందరేం లేదు. ఫ్రిజ్ తలుపులో పాల ప్యాకెట్ పక్కన పెట్టి మర్చిపోదాం. నాలుగో రోజు మూత తీయగానే పుల్లటి వాసన కొడితే కంగారెందుకు? పచ్చడిలోకి చింతపండు ఖర్చు కలిసొచ్చింది.

ఇక వంట. అందరూ మొదట ఎక్కే మెట్టు హల్వా. క్యారెట్‌లో ఉన్న తీపిలో చాలా భాగం పొద్దున్నే రసంతోపాటు గ్లాసులోకి దిగిపోయింది, మిగిలింది పీచు. అందుకని పిప్పితో హల్వా అంటే చక్కెర మామూలుకంటే మరో కప్పు పట్టాలి. అర లీటరు పాలు, నాలుగు గరిటెల నెయ్యి, గుప్పెడు జీడిపప్పు, స్టవ్ దగ్గర ముప్పావు గంట నిలువుకాళ్ల మీద కలపడం. పొద్దున చక్కెర వేయకుండా రసం తాగినవారే సాయంత్రం ఈ హల్వా తినాలి, అప్పుడే లెక్క సరిపోతుంది. పదిహేను రూపాయల పిప్పిని రెండొందల రూపాయల సరుకు పెట్టి దక్కించుకున్న తృప్తి అనుభవిస్తేగాని తెలియదు.

చపాతీ పిండిలో పిప్పి కలిపేవాళ్లు ఇప్పటికే చాలామంది ఉన్నారు గానీ వాళ్లు పిరికివాళ్లు. రెండు కప్పుల గోధుమపిండికి పావు కప్పు వేసి, ఆ మేరకు నీళ్లు తగ్గించి, కాస్త వాము నలిపి ఊరుకుంటారు. చపాతీ మెత్తగా వస్తుంది, ఎవరూ గమనించరు. ఎవరూ గమనించనప్పుడు మనం పడ్డ శ్రమకి విలువేముంది? సగానికి సగం వేయండి. పిండి సాగదు, కర్ర కింద అంచులు చీలతాయి, పెనం మీద తిప్పబోతే రెండు ముక్కలవుతుంది. ఇదేమిటని అడిగితే ‘సిరిధాన్యాలు’ అనండి. ఈ రోజుల్లో ఆ మాట విన్నాక నోరెత్తే ధైర్యం ఎవరికీ లేదు.

బీట్‌రూట్ పిప్పిలో అదనంగా కొంత వినోదం ఉంది. ఇడ్లీ పిండిలో కలిపితే గులాబీ రంగు ఇడ్లీలు వస్తాయి, పిల్లలు ఫొటో తీసుకుని వదిలేస్తారు, పెద్దవాళ్లు మొహమాటానికి తింటారు. బీట్‌రూట్ ఎరుపు కొందరి ఒంట్లో పూర్తిగా విరగదు, మర్నాడు మూత్రం ఎర్రగా వస్తుంది. దానివల్ల హాని లేదు. కానీ ఈ ముక్క ముందుగా చెప్పేస్తే ఎలా? మీ మామగారు తెల్లవారుజామున బాత్రూమ్‌లోంచి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా కాసేపు కూర్చుని, పాత రిపోర్టుల ఫైలు చంకన పెట్టుకుని ఆటో ఎక్కబోతున్నప్పుడు మెల్లగా చెప్పండి.

బత్తాయి పిప్పితో పులిహోర చేయమని కూడా నా సలహా. పులుపంతా రసంలో పోయింది, తొక్క కింది తెల్లటి పొరా గింజలూ నలిగి చేదు మాత్రం పిప్పిలో నిలిచింది. ఆ చేదు నిలవుంటే ఇంకా పెరుగుతుంది కాబట్టి ముందురోజు పిప్పి అయితే శ్రేష్ఠం. నల్లగొండ రైతు చూస్తే కన్నీళ్లు పెట్టుకుంటాడు, చూపించకండి. అల్లం పిప్పి టీలో వేసి మరిగిస్తే నిజంగానే బాగుంటుంది, అందుకని దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

సొరకాయ దగ్గర మాత్రం వేళాకోళం కట్టిపెడతాను. రసం తీసేముందు చిన్న ముక్క కొరికి చూసి, చేదు తగిలితే ఉమ్మేసి, రసమూ పిప్పీ అనకుండా కాయ మొత్తం పారేయండి. ఆ చేదు విషం, ఉడికించినా పోదు. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయాయి. ‘చేదు ఒంటికి మంచిది’ అనే మాటను కాకరకాయకే వదిలేయండి.

సరే, మళ్లీ మన దారికి వద్దాం. పరగడుపున బూడిద గుమ్మడికాయ రసం తాగడం ఈ మధ్య ఎక్కువైంది. నిజానికి మన నాయనమ్మలూ ఆ కాయలోంచి నీరు తీసినవాళ్లే. ముక్కలు సన్నగా తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి, పైన పొత్రం బరువు పెట్టి రాత్రంతా వదిలేసేవారు. తెల్లారేసరికి నీరంతా దిగిపోయేది. అక్కడిదాకా బాగానే చేశారు. ఆ తర్వాత చూడండి వాళ్ల అజ్ఞానం: అమృతంలాంటి ఆ నీళ్లు వదిలేసి, ముక్కలు ఉంచుకున్నారు! వాటిని రుబ్బిన మినప్పిండిలో కలిపి, పచ్చిమిర్చీ ఇంగువా వేసి, డాబా మీద పాత పంచె పరిచి వడియాలు పెట్టారు. బీరకాయ చెక్కు తీస్తే ఆ పొట్టు వేయించి నువ్వులు చేర్చి పచ్చడి నూరారు. లేత పనసకాయను పొట్టుగా కొట్టించి ఆవ పెట్టి కూర వండారు. గెల కోసేసిన అరటిచెట్టు బోదెలో దూటను కూడా వదల్లేదు. మనం చిట్కాలు చదివి నేర్చుకునేది వాళ్లు రోజువారీ వంటగా చేసిపారేశారు, పైగా దానికి జ్యూసర్ కూడా కొనలేదు.

మీరు వాళ్లని అనుకరించి జ్యూసర్ పిప్పితో వడియాలు పెట్టండి. వడియంలో పంటి కింద తగలాల్సిన ముక్కను మిషన్ ముందే నుజ్జు చేసేసింది కాబట్టి వేయించాక అందులో గుమ్మడికాయ ఉన్న సంగతి మీకూ, మీ డాబా మీది కాకులకీ తప్ప ఎవరికీ తెలియదు. మిగిలిన పిప్పిని తులసికోటలో పోయండి. ఎండుటాకులతో కలిపి మగ్గబెడితే ఎరువవుతుందంటారు గానీ, పచ్చిగా కుప్ప పోస్తే చీమలూ ఈగలూ వెంటనే వస్తాయి. ఫలితం తక్షణం కనిపించాలి కదా.

ఈ మార్గంలో మీకు ఎదురయ్యే శత్రువులు ఇద్దరు. ఒకటి, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు తినమన్నారు, పండును రసం తీయడంకంటే పండుగానే తినడం మేలన్నారు, అప్పుడైతే పీచు ఎక్కడికీ పోదట. శాస్త్రవేత్తలు కదా, నమలడానికి తీరిక ఉంటుంది.

రెండో శత్రువు ఇంట్లోనే ఉంటుంది. మీ జ్యూసూ, హల్వా, చీలిన చపాతీలూ నెల్లాళ్లు ఓపిగ్గా చూసి, ఒకరోజు మీ అత్తగారు బుట్టలోంచి ఒక క్యారెట్ తీసి, కడిగి, కొరుక్కుని నములుతూ ‘ఇలా తింటే సరిపోదుటే?’ అంటారు. జవాబు చెప్పబోకండి, మన దగ్గర లేదు. వెంటనే జ్యూసర్ జల్లెడా, సందుల్లో ఇరుక్కున్న పీచు గీకే బ్రష్షూ ఆవిడ చేతిలో పెట్టి, ‘కాస్త ఇది కడిగిపెడతారా అత్తయ్యా’ అని ఫోన్ వచ్చినట్టు బాల్కనీలోకి వెళ్లిపోండి.